పరీక్షల ముందర తీజ్

మా తండాల ఎవరికి ఏడుపొచ్చినా ముందుగాల నన్ను పిలుస్తరు. పెండ్లిల పెద్దమనుషులు మాటామాటా అనుకున్నా, ఎవరి ఎద్దన్నా చచ్చిపోయినా, “వాణ్ణి పిలువుండ్రి, వచ్చి ఏదో ఒకటి వాగుతడు” అంటరు. నేను ఏడో తరగతిల బడి మానేసిన. ఎందుకని అడిగినోళ్ళకు, “మా లెక్కల సారుకు, నాకు పడలే. ఇద్దరిల ఒకరు పోవాలె. ఆయనకు జీతమొస్తది, నాకు రాదు. అందుకే నేనే వచ్చేసిన” అని చెప్త. అప్పటినుంచి ట్రాక్టర్ నడుపుతున్న. దమ్మపేట చుట్టుముట్టు పామాయిల్ తోటలే కదా. కోసిన గెలలు ట్రాలీల నింపుకొని ఫ్యాక్టరీకి తోలుడు నా పని.

చెల్లె నాకు పూరా ఉల్టా. నేను వదిలేసిన చదువు కూడా తనే చదివింది. మా తండా నుంచి యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. బాపు, అంటే మా నాయన, ఆ సంగతిని ఏనాడూ ఒక్క ముక్కల చెప్పడు. “హైదరాబాదుల. యూనివర్సిటీల. ఎమ్మెస్సీ” అని ఆగి ఆగి చెప్తడు. ఎరువుల దుకాణంల చెప్తడు, బస్సుల పక్కసీటు మనిషికి చెప్తడు. ఒకనాడు కరెంటు మీటరు చూడనీకి వచ్చినాయనకు కూడా చెప్పిండు. ఆయన మొత్తం విని, “సంతోషం, గానీ మీటరేది?” అన్నడు.

ఆ ఏడు తీజ్‌కు వస్తనని చెల్లె ఫోన్ చేసింది. తీజ్ మా లంబాడోళ్ళల్ల పెండ్లికాని ఆడపిల్లల పండుగ. శ్రావణంల వస్తది. చిన్న బుట్టల్ల మట్టి, మేకల ఎరువు కలిపి పోసి గోధుమలు చల్లుతరు. తొమ్మిది రోజులు పాటలు పాడుకుంట నీళ్ళు పోస్తరు. అన్ని రోజులూ ఆ పిల్లలు ఉప్పూకారం ముట్టరు. నారు ఎంత ఏపుగా మొలిస్తే ఆ పిల్లకు అంత మంచి జరుగుతదని మా నమ్మకం. ఆఖరినాడు బుట్టలు వాగుకు తీసుకపోయి నీళ్ళల్ల కలిపి వస్తరు. పండుగ అయిన మరునాడే చెల్లె వాపస్ పోవాలె. ఆ తెల్లారి పరీక్షలు షురూ. తను ఒక్కతే పోవుడెందుకని బాపు ఇద్దరికీ హైదరాబాద్ బస్సుకు ముందే టికెట్ చేయించిండు. “పరీక్ష హాలు గేటు దాకా నేనే దింపుత” అన్నడు.

దమ్మపేట బస్టాండుకు ట్రాక్టర్ మీదనే పోయిన. బస్సు దిగిన చెల్లెను చూసి, “ఏందే, సగమే వచ్చినవ్? మిగిలిన సగం తర్వాతి బస్సులనా?” అన్న.

“హాస్టల్ తిండి, భియా” అన్నది. మా భాషల అన్నను భియా అంటం. ఇంట్ల మాట్లాడేది ఆ భాషే. ఇక్కడ తెలుగుల రాస్తున్న.

నా మాటకు నవ్వింది. నవ్వి, ఆ నవ్వు సరిపోయిందా లేదా అని నా మొఖం చూసింది. అప్పుడే ఏదో తేడా కొట్టింది నాకు. నేను చిన్నప్పటి నుంచి జనాన్ని నవ్వించే మనిషిని. నవ్వు వచ్చి నవ్వుడు వేరు, నవ్వు తెచ్చి పెట్టుడు వేరు. ఈ ఒక్క ముచ్చటల నేను కూడా ఎమ్మెస్సీనే.

విత్తనం చల్లినంక మా దాంట్ల ఒక ఆట ఉంటది. రేగుకొమ్మ తెచ్చి నిలబెడుతరు. ఆడపిల్లలు నానబెట్టిన శనగలను ఆ ముళ్ళకు గుచ్చాలె. గుచ్చుతుంటే మగపిల్లలం కొమ్మ ఊపుతం. చెయ్యి ముల్లుకు తగిలినా, నెత్తురొచ్చినా పిల్ల నోట్లకెల్లి ‘అబ్బా’ అని రావొద్దు. వచ్చిందా, ఆ యేడంతా పేరు పెట్టి ఏడిపిస్తం. ఊపుట్ల నన్ను మించినోడు లేడు. తప్పుడు పాటలు పాడుకుంట, కోతిలెక్క ఎగురుకుంట ఊపుత.

చెల్లె వంతు వచ్చింది. కొమ్మ పట్టుకున్న. “యూనివర్సిటీ అమ్మగారు వచ్చిన్రు, జరుగుండ్రి, మన ముళ్ళకు ఇంగ్లీషు రాదు” అన్న. అందరూ గొల్లుమన్నరు. చెల్లె శనగ పట్టుకొని చెయ్యి చాపింది. నేనింకా ఊపుడు మొదలుపెట్టలే. శనగ ముల్లుకు పక్కన పడ్డది. ఇంకోటి తీసింది. అది కూడా పడ్డది. నేను కొమ్మను రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్న, కదలకుంట. కదిలేది కొమ్మ కాదు. చెల్లె చెయ్యి. మణికట్టు కాడికెల్లి వేళ్ళ దాకా, చలిజ్వరం వచ్చినోళ్ళ లెక్క వణుకుతుంది. ముల్లు వేలి కొసకు దిగింది, నెత్తురు బొట్టు కట్టింది. తను ‘అబ్బా’ అనలే. కన్ను కూడా ఆర్పలే.

“వీడేం ఊపుతున్నడురా, చూడుండ్రి!” అని వెనక ఎవరో అరిచిన్రు.

“మరేమనుకున్నరు!” అని నేను ఒళ్ళంతా ఊగిన, కొమ్మను మాత్రం కదలనియ్యలే. శనగను నేనే వేలితోని నొక్కి ముల్లుకు ఎక్కించిన. ఎవ్వరికీ కనపడలే. చెల్లెకు కనపడ్డది. తల వంచుకొని అవతలికి పోయింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే నవ్వూ ఏడుపూ కలిసి వస్తయి. చెల్లె తినట్లే. తండా ఏమనుకున్నది? నిష్ఠ. వేరే పిల్లలు ఉప్పు లేకున్నా నాలుగు రొట్టెలు లాగించి, దొంగతనంగ పచ్చిమిరపకాయ కొరుకుతుంటే, మా పిల్ల ఒక్క ముక్క తుంచి పక్కన పెడుతుందంటే ఎంత భక్తి! చెల్లె నిద్రపోట్లే. తెల్లవారకముందే లేచి బుట్టల కాడ కూసుంటుంది. ఎంత శ్రద్ధ! ఎవరితోని మాట్లాడట్లే. పట్నంల చదివినా ఎంత అణకువ! యాడి, మా అమ్మ, నలుగురిల కొంగు సర్దుకొని, “చదువు ఎక్కువైతే దేవుడి మీద గురి పోతదంటరు. మా బిడ్డను చూడుండ్రి” అనవట్టె. మా తండా నాయకుని భార్య అయితే, ఈసారి పాటకు ముందు నిలబడేది ఈ పిల్లే అని చెప్పేసింది.

పైగా ఆ గోధుమలు! ఇంకెవరి బుట్టల అట్ల రాలే. చెల్లె బుట్టల నారు బెత్తెడు లేచి, పసుపుపచ్చగ, దువ్వినట్టు నిలబడ్డది. ముసలోళ్ళు వచ్చి వచ్చి చూసిన్రు. “ఇగ ఢోకా లేదు, యూనివర్సిటీ మొత్తానికి ఫస్టు” అని తీర్పు చెప్పిన్రు. బాపు మీసాలు దిద్దుకున్నడు. “పాసైతే భద్రాచలం పోయి గుండు కొట్టిచ్చుకుంట” అని మొక్కిండు.

“పరీక్ష దానిది, గుండు నీదా? మంచి బేరమే” అన్న నేను.

అందరం నవ్వినం. చెల్లె మాత్రం ఆ నారు దిక్కు, పొలంల పామును చూసినట్టు చూస్తుంది.

మరునాడు గెలల లోడు తీసుకపోతుంటే, “వస్తవా, గాలి తగులుతది” అని అడిగిన. వచ్చి మడ్‌గార్డు మీద కూసుంది. ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నయి. ఇంజన్ బందు చేసిన. పచ్చి గెలల వాసన, ఎండ. చెల్లె నా దిక్కు తిరిగింది.

“భియా, నువ్వు బడి మానేసినప్పుడు బాపు కొట్టిండా?”

“లేదు. కొన్ని రోజులు మాట్లాడలే. తర్వాత గొడ్లను తోలుకపొమ్మన్నడు.”

“అంతేనా?”

“అంతే. నా మీద ఎవరికీ ఏ ఆశా లేకుండె. ఇగ పోయేదేముంది?”

“నీ అదృష్టం” అన్నది. ఎగతాళికి అనలే. నిజంగనే అన్నది.

ఇగ అప్పుడు చెప్పింది. పోయిన పరీక్షల్ల రెండు పేపర్లు రాయలేదట. మాకు పాసైన అని చెప్పింది అబద్ధం. “హాల్ల కూసుంట భియా. పేపర్ చేతికొస్తది. అన్నీ నాకు వచ్చినవే. చదువుతనే ఉంట, అక్షరాలు కనపడతయి, లోపలికి పోవు. గుండె ఈడ కొట్టుకుంటది” అని గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. “ఊపిరి తీస్కుంట, చాలదు. ఇంకా తీస్కుంట, చాలదు. చచ్చిపోతున్న అనిపిస్తది. లేచి బాత్రూంల గడియ పెట్టుకొని కూసున్న. పరీక్ష అయిపోయినట్టు గంట కొట్టినంకనే బయటికొచ్చిన. రెండోసారి హాలు మెట్ల కాడనే అట్లయింది.”

“ఎవరికన్నా చెప్పినవా?”

“ఏమని? మా క్లాసుల ఒకామె, ‘మీకేంది, మార్కులు రాకున్నా సీట్లొస్తయి’ అని నవ్వుకుంటనే అన్నది. నేను పోయి నాకు భయమైతుంది అని చెప్తే, చూసిన్రా, వీళ్ళతోని కాదు అంటరు. నేనొక్కదాన్నే ఫెయిల్ అయితే ఏం కాకపోవు, భియా. నేను ఫెయిలైతే తండా మొత్తం ఫెయిలైతది.”

ముందు ట్రాక్టర్ కదిలింది. వెనకోడు హారన్ కొట్టిండు. నేను కదలలే.

“ఈసారి నేను పోను. పోతే మళ్ళీ రాను.”

“రాకపోవుడేంది, బస్సులు నడుస్తనే ఉంటయి గదా” అన్న. అలవాటైన నోరు, అదే అనేసింది. చెల్లె నా దిక్కు చూసింది. ఆ చూపుతోని నాకు అర్థమైంది, తను చెప్పేది బస్సుల గురించి కాదు.

ఎట్ల అడగాల్నో తెల్వక ఉన్నదున్నట్టే అడిగిన. “చచ్చిపోవాలని అనిపిస్తుందా?”

“పండుకొని లేవకుంటే మంచిగుండు అనిపిస్తది” అన్నది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. “బాపుకు చెప్పకు. పండుగ పాడైతది. అందరూ ఎంత ఖుషీగున్నరో చూసినవా?”

వెనక హారన్లు ఎక్కువైనయి. ఎవడో, “ఓ భాయ్, పెండ్లిచూపులా? బండి తియ్యి!” అని అరిచిండు. ఇంకో రోజైతే వానికి తాతముత్తాతల దాకా జవాబిచ్చేటోణ్ణి. ఆ రోజు గేరు ఎక్కడుందో చేతికి దొరకలే.

ఇంటికి రాంగనే చేసిన మొదటి పని, పొలంల కొట్టే పురుగుల మందు డబ్బాలన్నీ మూటగట్టి తీసుకపోయి ఫ్యాక్టరీ కాడి దోస్తు ఇంట్ల పెట్టుడు. తెల్లారి బాపు కొట్టంల వెతుక్కుంట, “మందు డబ్బాలేవిరా?” అన్నడు.

“మూత కారుతుంటే బయట పెట్టొచ్చిన.”

“అన్నిటికీ ఒక్కసారే కారిందా?”

“ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నట్టున్నయి” అన్న. నవ్విండు, పోయిండు.

ఆ రోజు నుంచి తోటకు పోవుడు తగ్గించిన. ట్రాక్టర్‌కు రోగమొచ్చిందని చెప్పి ఇంటి ముందర బానెట్ తెరిచి కూసున్న. మంచిగున్న బండిని ఇప్పి మళ్ళీ బిగిస్తున్న. చెల్లె ఎటు పోతే అటు కన్ను. బుట్టల కాడికి పోతే నేనూ బీడీ ముట్టిచ్చుకుంట అటే. బావి దిక్కు బిందె పట్టుకొని పోతే, “ఇటియ్యి, యూనివర్సిటోళ్ళు నీళ్ళు మోస్తే దేశానికే అవమానం” అని గుంజుకునుడు. జనం నవ్విన్రు. వీనికి చెల్లె మీద ఇంత ప్రేమ ఎప్పటికెల్లి వచ్చిందని.

చెల్లెకు మాటిచ్చిన, బాపుకు చెప్పనని. ఆ మాట మీద ఎక్కువ రోజులు నిలబడలే. ఒకనాడు సాయంత్రం గొడ్లకు నీళ్ళు పెడుతుంటే అన్న, “బాపూ, చెల్లె ఈసారి పరీక్ష రాయకుంటే ఏమైతది?”

“ఏమైతది, నువ్వు పోయి రాస్తవు” అన్నడు బాపు, నవ్వుకుంట.

“జోక్ కాదు. దానికి పానం బాగలేదు. చానా భయపడుతుంది.”

“భయమా? దానికా? గా గోధుమలు చూసినవా?”

“బాపూ, నేను నిజం చెప్తున్న.”

“నువ్వు నిజమెప్పుడు చెప్పినవురా?” అని బాపు పడీపడీ నవ్విండు. యాడిని పిలిచి మరీ చెప్పిండు, “వీడేదో కొత్త నాటకం నేర్చిండు, మొఖం చూడు ఎట్ల పెట్టిండో!” యాడి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నా కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి. అవి చూసి ఇంకా నవ్విన్రు. ఎట్ల తెప్పిస్తడో నీళ్ళు, అన్నరు.

గంత మందిని నవ్వించినోణ్ణి, ఆ ఒక్క పూట నా ఇంట్ల ఇద్దరిని నవ్వకుంట చేయలేకపోయిన.

ఆఖరినాడు వచ్చింది. పొద్దు వాలుతుంది. వాగుకు పోయే ముందర బుట్టలన్నీ నడిమిట్ల పెట్టి ఆడోళ్ళు చుట్టూ ఆడుతున్నరు. డప్పులు మోగుతున్నయి. ముందు చెల్లె. కొత్త పేటియా లంగా, అద్దాలు కుట్టిన కాంచళి రవిక. తొమ్మిది రోజుల నుంచి కడుపుల ఏమీ లేని మనిషి. పాట ఎత్తుకున్నది, ఒక చరణం అయింది, రెండో చరణం కాడ గొంతు ఆగింది. డప్పు కొట్టేటోళ్ళు మళ్ళీ అదే దరువు అందుకున్నరు. చెల్లె నోరు తెరిచింది, పాట రాలే. ఊపిరి వస్తుంది. జల్దీ జల్దీ, కుక్క వగర్చినట్టు. చేతులు వంకర తిరిగినయి, వేళ్ళు బిగుసుకున్నయి. మోకాళ్ళ మీద కూలబడ్డది.

నేను మగోళ్ళ గుంపుల ఉన్న, ఉరికిన. నా కన్న ముందు నాయకుని భార్య రెండు చేతులెత్తింది. “అమ్మ వచ్చింది! పిల్ల మీదికి అమ్మ వచ్చింది!”

అంతే. డప్పులు ఇంకా గట్టిగ మోగినయి. ఆడోళ్ళు సాగిలపడ్డరు. ఎవరో పసుపునీళ్ళు తెచ్చి చెల్లె నెత్తిన పోసిన్రు. ఎవరో వేపమండలు చేతుల పెట్టిన్రు, బిగిసిన ఆ వేళ్ళ నడుమ. అడుగుడు మొదలుపెట్టిన్రు. “అమ్మా, నా కొడుకుకు పెండ్లి ఎప్పుడైతది?” “అమ్మా, బోరుల నీళ్ళు పడతయా?” “అమ్మా, పోడు భూమికి పట్టా వస్తదా?” నేను లోపలికి తోసుకొని పోతుంటే ఇద్దరు పట్టుకున్నరు. “ఇది నీ కోతి చేష్టలకు జాగ కాదు, తప్పు, అమ్మ కోపం చేస్తది.” “అరే అది అమ్మ కాదు, దానికి ఊపిరాడట్లే!” అని అరిచిన. ఆ డప్పులల్ల ఎవడు వింటడు? విన్నోడు నమ్మడు.

గుంపు పాయ విడిచింది. బాపు వచ్చిండు. తలపాగ తీసి చేతుల పట్టుకున్నడు. కన్నబిడ్డ ముందర రెండు మోకాళ్ళ మీద కూసున్నడు. చేతులు జోడించిండు.

“అమ్మా,” అన్నడు, “మా బిడ్డ పరీక్ష పాసైతదా?”

చెల్లె బాపును చూసింది. అంత వగర్పుల కూడా ఆ మాట దానికి వినపడ్డది. పసుపునీళ్ళు మొఖం మీదికెల్లి కారుతున్నయి. నోరు కదిలింది, మాట రాలే. బాపు ఇంకా దగ్గరికి వంగిండు, అమ్మ ఏం చెప్తదో అని. చెల్లె ఆ వంకర చేతులతోనే బాపు అంగీ పట్టుకుంది.

“బాపూ… నేను… నేనే, బాపూ.”

బాపు జోడించిన చేతులు అట్లనే ఉండిపోయినయి.

“నేనే… నాతోని కాట్లే.”

డప్పు మోగుతనే ఉంది. బాపు లేచి, దగ్గరున్న డప్పు మీద అరచెయ్యి పెట్టి ఆపిండు. తర్వాత నన్ను పట్టుకున్నోళ్ళ దిక్కు చూసిండు. వాళ్ళు వదిలేసిన్రు. “బండి బాగైందారా?” అన్నడు నాతోని, అదేదో మామూలు మాట లెక్క. నేను తల ఊపిన.

ట్రాలీల యాడి చెల్లెను ఒళ్ళె పెట్టుకున్నది. దమ్మపేట దాకా ట్రాక్టర్ మీద, అక్కడికెల్లి ఆటోల సత్తుపల్లి దవాఖానాకు. డ్యూటీల ఉన్న డాక్టరమ్మ చిన్నది, చెల్లె ఈడే ఉంటది. చెల్లె ఎదురుగ కూసొని, “నాతోని పాటు మెల్లగ వదులు, తీసుకునుడు కాదు, వదులు” అనుకుంట చానాసేపు ఉంది. వేళ్ళు విచ్చుకున్నయి. గుండె పరీక్ష చేసిన్రు, నెత్తురు తీసిన్రు. గుండెకు ఏం కాలేదన్నరు. బయటికొచ్చి మాతోని, “ఇది ఆందోళన. ఇదీ రోగమే, దీనికీ వైద్యముంది. మీరు ఖమ్మం పెద్ద దవాఖానాల మనసు డాక్టర్‌కు చూపియ్యాలె. ఆలస్యం చేయొద్దు. ఒక్కదాన్ని విడిచిపెట్టొద్దు” అన్నది.

“పిచ్చి డాక్టరా?” అన్నది యాడి.

“మనసు డాక్టర్, అమ్మా.”

ఇంటికొచ్చేటప్పుడు ఆటోల బాపు అన్నడు, “పరీక్షలు అయిపోంగనే చూపిద్దం. ఇంతదాకా వచ్చి సంవత్సరం పోగొట్టుకుంటదా?” ఎవరితోని అంటున్నడో తెల్వదు. చెల్లె యాడి భుజం మీద కండ్లు మూసుకొని ఉన్నది. నిద్రపోలేదని నాకు తెలుసు, రెప్పలు అదురుతున్నయి.

ఇల్లు చేరినంక బాపు వాకిట్ల కాళ్ళు కడుక్కుంటుంటే పోయి కాళ్ళు పట్టుకున్న. చెప్తే నమ్మే నోరు కాదు నాది. మందు డబ్బాలు ఎందుకు దాచిపెట్టిననో ఒక్కటే చెప్పిన. మూత కారలేదు బాపూ, అన్న. బాపు అట్లనే నిలబడ్డడు. తడికాళ్ళు. నవ్వలే. కొద్దిసేపటికి కాళ్ళు విడిపించుకొని లోపలికి పోయిండు.

పొద్దుగాల బాపు తయారై ఉన్నడు. ఇస్త్రీ అంగీ, చెల్లె బ్యాగు భుజాన. “పాండి” అన్నడు. హైదరాబాద్ బస్సుకే. నాకేం అర్థం కాలే. నాకు టికెట్ లేదు, అడగకుంటనే ఎక్కిన. కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగితే, “వీళ్ళు ఎక్కడ దిగితే అక్కడికి” అన్న. “అట్ల టికెట్ ఉండదయ్యా” అన్నడు. ఖమ్మం దాకా తీసుకున్న. బాపు కిటికీల నుంచి బయటికి చూస్తున్నడు. పక్కన కూసున్నాయనకు ఏమీ చెప్పలే. ఏ ఊరికి పోతున్నరని ఆయనే అడిగినా వినపడనట్టు ఊరుకున్నడు.

చెల్లె ఊపిరి లెక్కవెట్టుకుంటున్నట్టు పెదవులు కదుపుతుంది. తల్లాడ దాటింది. వైరా దాటింది. ఖమ్మం దగ్గర పడేకొద్దీ నేను సీటు అంచుకు జరిగిన. డాక్టరమ్మ చెప్పిన పెద్ద దవాఖానా అక్కడనే ఉంది. బస్సు ఆగితే బాపు లేవకుంటే ఏం చెయ్యాలె? చెల్లెను ఎత్తుకొని దూకాల్నా? దొంగతనంగ తీసుకపోతున్నడని జనం కొడతరేమో. కొట్టనీ.

ఖమ్మం బస్టాండుల బస్సు ఆగింది. దిగేటోళ్ళు దిగిన్రు. ఎక్కేటోళ్ళు ఎక్కిన్రు. బాపు కదలలే. డ్రైవర్ ఇంజన్ పెంచిండు. నేను లేచి నిలబడ్డ. చెల్లె నా దిక్కు చూసింది, బాపు దిక్కు చూసింది.

బాపు లేచిండు. బ్యాగు తీసుకున్నడు.

“పెద్దాయనా, మీది హైదరాబాద్ టికెట్” అన్నడు కండక్టర్.

“తెలుసు” అన్నడు బాపు. “మేము ఇక్కడి దాకనే.”

దవాఖానాల వరుస చానా పొడుగుంది. ఒక పేషెంటు వెనక ఇంకో పేషెంటు, అందరూ మామూలు మనుషులే. నాకు అదే ఆశ్చర్యం. ఎవరో కేకలు పెడుతుంటరు, బట్టలు చింపుకుంటరు అనుకున్న. ఒకామె జొన్నరొట్టె తింటుంది. ఒకాయన ఫోన్ చూస్తున్నడు. చెల్లె గోడకున్న గడియారం చూస్తుంది. రేపు ఇదే టైముకు పరీక్ష అన్నది. ఒక ఏడు పోయింది భియా అన్నది. పోయింది నిజమే. ఆ ఏడు ఎట్ల తిరిగొస్తదో, అసలు వస్తదో రాదో, నాకు తెల్వదు. తను రేపు ఎట్ల ఉంటదో, ఎల్లుండి ఎట్ల ఉంటదో అదీ తెల్వదు. ఇంటికి పోయినంక తండా ఏమంటదో తెలుసు, దాని గురించి ఆలోచించే ఓపిక లేదు.

మా నంబర్ పిలిచిన్రు. ముగ్గురం లేచినం. గుమ్మం కాడ చెల్లె ఆగింది. “మీరు ఇక్కడే కూసోండ్రి” అన్నది. తనే లోపలికి పోయింది. తలుపు పడ్డది.

బాపూ నేనూ బల్ల మీద కూసున్నం. బాపు బ్యాగును ఒళ్ళె పెట్టుకొని రెండు చేతులతోని పట్టుకున్నడు.

“లోపల ఏం చెప్తది?” అన్నడు మెల్లగ.

“తెల్వదు, బాపూ.”

మొదట ఏం వినపడలే. తర్వాత తలుపు వెనక నుంచి చెల్లె గొంతు. మాటలు తెలియట్లే, గొంతు ఒక్కటే. ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. నడుమ ఏడుపు. మళ్ళీ మాట. బాపు తలపాగను చెవి మీదికెల్లి పైకి జరుపుకున్నడు, మంచిగ వినపడనీకి. వరుసల మా వెనకాయన, “ఇంకెంతసేపు లోపల?” అని విసుక్కున్నడు.

“చెప్పుకోనీయండి, సారూ” అన్నడు బాపు.